అమ్మమ్మ చీరలతో బొంత కుడదామని కూర్చున్నా, మూడేళ్లవాడు సూది వదలడం లేదు

ఇద్దరి_అమ్మ (విశాఖ) · అక్టోబరు 28, మధ్యాహ్నం 2:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. ఇవాళ పాప పడుకుంది, బాబు టీవీ ముందున్నాడు (తిట్టకండి), పది నిమిషాలు దొరికాయి కాబట్టి గబగబా అడిగేస్తున్నా.

మా అమ్మమ్మ పోయి రెండేళ్లయింది. ఆవిడ నూలు చీరలు పది మా అమ్మ ట్రంకుపెట్టెలో దాచింది. పోయిన నెల అడిగి తెచ్చుకున్నా, మా పాపకి బొంత కుడదామని. పాపకి ఇప్పుడు ఐదో నెల. ఏడో నెలలో అన్నప్రాసన. ఆ రోజు పుస్తకం, పెన్ను, బంగారం అన్నీ ముందు పెట్టి పాకిస్తాం కదా, అప్పుడు కింద పరిచేది అమ్మమ్మ చీరల బొంతే అవ్వాలని నా కోరిక. చెప్పుకోడానికి బాగానే ఉంది. ఇంతవరకు జరిగిందేంటంటే ఒక దబ్బనం కొన్నా, నైలాన్ దారం కొన్నా, పది చీరలూ హాల్లో పరిచా, మావాడు (మూడేళ్ల నాలుగు నెలలు) వాటి మీద పడవాట ఆడాడు, నేను మళ్లీ మడతపెట్టి లోపల పెట్టేశా. ఇలా మూడుసార్లు అయింది.

పది చీరలూ పడతాయా, ఇంకా కావాలా? చేత్తో కుట్టగలనా, మిషన్ మీద వేయించేయనా? పైగా మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "వాటికి కత్తెర పెట్టావో ఊరుకోను" అంటోంది, కత్తెర పెట్టకుండా బొంత ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు. అన్నిటికంటే పెద్ద సమస్య మావాడు. సూది కనపడితే చాలు, "నేను కూడా" అని ఒకటే గొడవ.

రాజమండ్రి_మామ్మ · అక్టోబరు 28, సాయంత్రం 4:15

అమ్మాయ్, దబ్బనం గోతాలు కుట్టేది. దానితో చీర కుడితే నీళ్లు కారేంత కన్నాలు పడతాయి. దాన్ని తీసి లోపల దాచెయ్, ముందు పిల్లాడికి కనపడకుండా. నైలాన్ దారం కూడా వద్దు, అది నూలుని కోసేస్తుంది. నాలుగు ఉతుకులకి చీర చిరిగి దారం మాత్రం మిగులుతుంది. కొంచెం పొడుగ్గా, చెవి పెద్దగా ఉన్న మామూలు సూది, లావు నూలు దారం చాలు.

పది చీరలు దేనికమ్మా, పెళ్లివారికి పక్కలేస్తావా? పసిపిల్లకి ఒక్క చీర చాలు. చీర అయిదున్నర మీటర్లు. నాలుగు మడతలు వెయ్, ఒక్కో మడత మీటరున్నర లోపు వస్తుంది, వెడల్పు ఎలాగూ మీటరు పైచిలుకు. అంటే నాలుగు పొరల బొంత, కత్తెర ముట్టుకోకుండానే. మీ అమ్మకి ఈ మాట చెప్పు, నోరు మూతపడుతుంది.

మడత వేసేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. విసనకర్ర మడతలా అటూ ఇటూ వెయ్, చుట్టచుట్టినట్టు కాదు. కొంగు చివరి మడతగా పైకి రావాలి. కొంగేగా చీరకి ముఖం, అది లోపల పడితే ఎవరికి కనపడుతుంది.

కుట్టుమిషన్_అనంతపురం · అక్టోబరు 28, రాత్రి 9:02

మామ్మగారు చెప్పింది కరెక్టు. మిషన్ మీద కూడా అవుతుంది అక్కా, నేను వేస్తుంటాను, 16 నంబరు సూది పెట్టి కుట్టు పొడుగు పెంచుకుంటే నాలుగు పొరలు ఇట్టే వెళ్లిపోతాయి. కానీ మిషన్‌తో వచ్చే చిక్కేంటంటే కింద పొర ముందుకి పోతుంది, పై పొర వెనకబడుతుంది, చివరికొచ్చేసరికి ముడతలు. అందుకే ముందు జానెడు జానెడు దూరంలో పెద్ద పెద్ద టాకాలు వేసుకుని అప్పుడు మొదలుపెట్టాలి. చేత్తో కుట్టినా టాకాలు తప్పవు. చివర్లో పీకేయొచ్చు.

మెషీన్ బొంత కొంచెం అట్టలా ఉంటుంది. చేతికుట్టు బొంత ఒంటికి అతుక్కుంటుంది. నాకు మిషనే అన్నం పెడుతోంది, అయినా నిజం చెప్తున్నా, నా కూతురికి చేత్తోనే కుట్టాను.

చీరలు ఏ రకం? జరీ అంచు ఉంటే పసిపిల్ల ఒంటికి గీరుకుంటుంది.

ఇద్దరి_అమ్మ · అక్టోబరు 29, ఉదయం 6:10

ఒక్క చీరా!! నేను పది చీరలు పేర్చి కుడితే ఎంత లావుంటుందో అని నెల నుంచి భయపడుతున్నా 🙈

వెంకటగిరివి నాలుగు, మంగళగిరివి రెండు (వీటికి జరీ ఉంది), మిగతావి పేరు తెలీదు, చేయి పెడితే దూదిలా ఉన్నాయి. ఒకటి గంధం రంగు, ఎర్ర అంచు, అమ్మమ్మ ఎప్పుడూ కట్టుకునేది. అదే వేద్దామనుకుంటున్నా.

రాజమండ్రి_మామ్మ · అక్టోబరు 29, ఉదయం 7:30

ఎర్ర అంచు అంటున్నావు, రంగు దిగుతుందేమో చూసుకో. కళ్లుప్పు నీళ్లలో ఒక రాత్రి నానబెట్టు.

కుట్టుమిషన్_అనంతపురం · అక్టోబరు 29, ఉదయం 10:45

మామ్మగారూ కోప్పడకండి, ఉప్పుతో రంగు నిలవదు, నేను చాలాసార్లు చూశాను. తెల్లగుడ్డ తడిపి అంచు మీద గట్టిగా రుద్ది చూడమనండి. గుడ్డకి అంటితే, నీళ్లు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకడమే. అంటకపోతే గొడవే లేదు.

ఓరుగల్లు_అక్క · అక్టోబరు 29, మధ్యాహ్నం 1:20

ఈ చర్చ చదువుతుంటే మా ఊరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా వాడకట్టుకు బొంతలు కుట్టేటోళ్లు వచ్చేటోళ్లు, చలికాలం ముందర. ఇంట్ల ఉన్న పాతచీరలు, ధోవతులు అన్నీ ఇస్తే వాకిట్ల పరిచి ఇద్దరాడోళ్లు చెరో దిక్కు కూసొని పొద్దుగూకేసరికి ఒక బొంత చేతిల పెడుదురు. డబ్బులు కొంచెం, బియ్యం కొంచెం. మా నాయనమ్మ అంచులు గుంజి చూసి బేరం చేసేది. నాయనమ్మ బొంత మీద మేం ఐదుగురం పండేది, ఎవరు నడుమ పండాలని రోజూ కొట్లాటే. తాతకు మాత్రం గొంగడి, అది గుచ్చుకుంటదని మేం దగ్గరికి పోయేది కాదు.

ఇద్దరి_అమ్మా, చీర పరిచినంక నాలుగు మూలల బరువు పెట్టు. మా ఇంట్ల రోకలిబండ ఒక దిక్కు, పచ్చడిబండ ఒక దిక్కు పెట్టేది.

లెక్కల_నాన్న (బెంగళూరు) · అక్టోబరు 29, రాత్రి 11:50

నేను కుట్టను, మా ఆవిడ కుడుతుంది, నేను పక్కన కూర్చుని లెక్కలేస్తా. 54 అంగుళాలు పొడుగు, 46 వెడల్పు అనుకోండి. అంగుళంన్నరకి ఒక వరుస వేస్తే 30 వరుసలు. ఒక్కోటి నాలుగున్నర అడుగులు. మొత్తం 135 అడుగులు, అంటే 41 మీటర్ల కుట్టు. పాప ఒక కునుకు తీసేలోపు ఒక వరుస అవుతుంది. రోజుకి రెండు కునుకులైతే పదిహేను రోజుల్లో బొంత రెడీ.

ఇంకో సంగతి. మేం కర్ణాటకలో ఎల్లాపూర్ వైపు వెళ్లినప్పుడు సిద్దీల (ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు) బొంతలు చూశాం, కవంది అంటారు. వాళ్లు మనలా మధ్యలోంచి కాదు, ఒక మూల మొదలుపెట్టి అంచుల వెంబడి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు, ముక్కలు అతుక్కుంటూ, చివరికి నడుమకి చేరేసరికి అయిపోతుంది. నాలుగు మూలలా చిన్న చిన్న మడత ముక్కలు కుడతారు, వాటిని ఫూలా (పువ్వులు) అంటారు, అవి లేకపోతే బొంతకి బట్టల్లేనట్టేనట. మా ఆవిడ ఆ రోజు నుంచి ఏ దిండుగలేబు కుట్టినా మూలల్లో ఆ పువ్వులు పెడుతోంది.

రాజమండ్రి_మామ్మ · అక్టోబరు 30, ఉదయం 6:55

బాబూ, లెక్క బాగుంది. వంకరపోయి పీకి మళ్లీ కుట్టే వరుసలు కూడా కలిపావా?

లెక్కల_నాన్న · అక్టోబరు 30, ఉదయం 9:10

లేదండీ. మా ఆవిడ ఇప్పుడే ఇది చదివి అరగంట నుంచి నవ్వుతోంది.

నిద్రలేని_తల్లి (హైదరాబాద్) · అక్టోబరు 30, మధ్యాహ్నం 3:33

బాబు సంగతి ఎవరూ చెప్పలేదేంటి. నాకూ మూడున్నరేళ్లది ఉంది, "వద్దు" అంటే ఇంకా ఎక్కువవుతుంది. కాబట్టి వాళ్లకీ పని ఇచ్చేయడమే. కొరియర్ వచ్చిన అట్టపెట్టె ముక్క తీసుకుని బాల్‌పెన్నుతో చుట్టూ కన్నాలు పెట్టండి, షూ లేసు ఇవ్వండి. లేసు కొస గట్టిగా ఉంటుంది కాబట్టి అదే సూది. మాది ఏనుగు బొమ్మ చుట్టూ ఇరవైసార్లు కుట్టింది, ఇరవైసార్లు విప్పింది. కొంచెం అలవాటయ్యాక ఉల్లిపాయలొచ్చే వల సంచి, మొద్దు ప్లాస్టిక్ సూది, ఉన్ని దారం. ఆ వలలో దూర్చడం వాళ్లకి భలే ఇష్టం.

గింజల దండలు కూడా గుచ్చించొచ్చు, గురివింద గింజలు ఎర్రగా ఎంత బాగుంటాయో.

నైట్‌షిఫ్ట్_నర్స్ (డాలస్) · అక్టోబరు 30, సాయంత్రం 5:05

గురివింద వద్దు!! దయచేసి వద్దు. ఆ గింజ విషం. పైపెంకు గట్టిగా ఉన్నంతసేపూ పర్వాలేదనిపిస్తుంది, కొరికినా, దండకోసం కన్నం పెట్టినా లోపలిది బయటకొస్తుంది. పాకే పిల్ల ఉన్న ఇంట్లో అసలు ఉండకూడదు. చింతగింజలు కూడా చిన్నదాని గొంతులో పడతాయి, పెద్దవాడితో ఆడించినా లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి.

రాస్తున్నా కాబట్టి రెండో మాట కూడా. బొంత చాలా మంచి ఆలోచన, కానీ ఏడాది నిండేదాకా పాప నిద్రపోతున్నప్పుడు పైన కప్పకండి, కింద మెత్తగా వేసి పడుకోబెట్టకండి కూడా. ఇక్కడ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్లు చెప్పేది అదే, మేం ప్రతి తల్లికీ ఇంటికి పంపేముందు చెప్తాం. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పరిచిన దుప్పటి, వెల్లకిలా పడుకోబెట్టడం, చుట్టూ ఏమీ ఉండకూడదు. మెలకువగా ఉన్నప్పుడు నేలమీద పరిచి బోర్లా ఆడించడానికి బొంతంత సుఖం ఇంకోటి లేదు.

రాజమండ్రి_మామ్మ · అక్టోబరు 30, రాత్రి 8:20

మేం ఆరుగుర్ని బొంతల్లోనే పెంచాం తల్లీ. ఆవాల దిండు కూడా వేసేవాళ్లం, తల గుండ్రంగా వస్తుందని.

నైట్‌షిఫ్ట్_నర్స్ · అక్టోబరు 31, ఉదయం 4:40

తెలుసండి మామ్మగారూ, నన్నూ అలాగే పెంచారు. మీరు ఆరుగుర్నీ పక్కలో పెట్టుకుని, వాళ్లు కదిలితే లేచేవారు. ఇప్పుడు పిల్ల ఒక గదిలో, తల్లి లాప్‌టాప్ ముందు ఇంకో గదిలో. దిండు మాత్రం వద్దేవద్దు. అందులోనూ ఆవాల దిండు కుట్టు విడిందంటే ఆవాలు ముక్కులో, నోట్లో. తలకి మెలకువలో బోర్లా ఆడించడం, ఎత్తుకునే వైపు మారుస్తుండటం చాలు.

రాజమండ్రి_మామ్మ · అక్టోబరు 31, ఉదయం 7:12

సరే. నువ్వు రాత్రంతా పసివాళ్లని కాసేదానివి, నీ మాట తీసెయ్యను. మా మనవరాలికి ఆవాల దిండు కుట్టి పంపాను, ఇవాళ ఫోన్ చేసి తీయమంటాను.

నిద్రలేని_తల్లి · అక్టోబరు 31, ఉదయం 9:00

గురివింద గురించి నిజంగా తెలీదండి. ఇంట్లో దేవుడి అల్మారాలో ఒక చిన్న సీసా నిండా ఉన్నాయి. ఇప్పుడే తీసి పై అరలో పెట్టా. ఉండండి, అది కూడా కాదు, పారేస్తున్నా.

ఇద్దరి_అమ్మ · నవంబరు 6, రాత్రి 10:30

వారం తర్వాత వచ్చా. చెప్పాల్సింది చాలా ఉంది.

మొదలుపెట్టా! గంధం రంగు చీరే. నాలుగు మడతలు, కొంగు పైకి. టాకాలు వేయడానికే రెండు రోజులు పట్టింది. మూలల్లో బరువుకి మా ఇంట్లో పచ్చడిబండ ఎక్కడిది, మిక్సీ జార్లు పెట్టా. రన్నింగ్ కుట్టు. మొదటి వరుస మధ్యలోంచి వేశా, అది చూస్తే ఆర్టీసీ బస్సు ఘాట్‌రోడ్డు ఎక్కినట్టుంది. పీకలేదు. మావాడికి అట్టముక్క, లేసు పద్ధతి పనిచేసింది, సరిగ్గా నాలుగు రోజులు. ఐదో రోజు వాడికి తెలిసిపోయింది అది ఉత్తుత్తి సూదని.

మొన్న మాత్రం ప్రాణం పోయింది. మధ్యాహ్నం పాప లేచి ఏడుస్తుంటే గబుక్కున లేచా, తిరిగొచ్చి చూస్తే దారం ఉంది, సూది లేదు. పాప ఇప్పుడు బోర్లాపడి పొట్టమీద గుండ్రంగా తిరుగుతోంది, చేతికందింది నోట్లోకే. మావాణ్ని సోఫా ఎక్కించి "దిగితే కథ లేదు" అన్నా, పాపని మంచం మీద తలుపు వేసి పెట్టా (ఏడుస్తూనే ఉంది), చీపురుతో కాదు చేత్తో తడిమా హాలంతా. టార్చి వేశా. తివాచీ దులిపా. ముప్పావుగంట. అత్తయ్యగారు గుడినుంచి వచ్చి నన్ను చూసి, "ఆ నైటీకేంటే మెరుస్తోంది" అన్నారు. నా నైటీ అంచుకే గుచ్చుకుని ఉంది. నేను దాంతోనే ఇల్లంతా పాకుతున్నా.

నవ్వండి, పర్వాలేదు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. బొంత తీసి అటక మీద పెట్టేశా.

కుట్టుమిషన్_అనంతపురం · నవంబరు 6, రాత్రి 11:15

అక్కా, అటక మీంచి దించు. మా షాపులో పద్ధతి చెప్తా. ఒక రేకు డబ్బా, అందులో మూడే సూదులు. కూర్చునేటప్పుడు మూడు, లేచేటప్పుడు మూడు, లెక్క తప్పితే ఎవరూ కదలరు. సూదిని చీరకి, నైటీకి, కాలెండరుకి గుచ్చే అలవాటు మానెయ్ (మా అమ్మ మంగళసూత్రం దగ్గరే నాలుగు పిన్నులు, రెండు సూదులు పెట్టుకునేది). లేవాల్సొస్తే సగం కుట్టులోనే బొంతకి అడ్డంగా దూర్చి, బొంతని చుట్టేసి అల్మారా పైన పడెయ్. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి తాడుకి కట్టుకుని ఉంచుకో, నేలమీద ఒక్కసారి ఈడిస్తే దొరికిపోతుంది. స్టీలు సూదులకి అంటుకుంటుందో లేదో కొనగానే చూసుకో.

సూది జారకపోతే సబ్బుముక్కలో ఒక పోటు పొడువు, వెన్నలా పోతుంది.

ఓరుగల్లు_అక్క · నవంబరు 7, ఉదయం 8:40

నైటీ సంగతి చదివి ఆఫీసు బస్సుల గట్టిగ నవ్విన, పక్కన కూసున్నామె అడిగితే చూపెట్టిన, ఆమె కూడ నవ్వింది. ఏమనుకోకు చెల్లీ.

పిలగానికి లక్క బొమ్మలు ఇచ్చి చూడు, నీకు ఏటికొప్పాక దగ్గరనే గద. మా పిల్లలకు బొంగరాలు, గిలక్కాయ తెప్పిచ్చిన, ఇప్పటికీ ఉన్నయి.

లెక్కల_నాన్న · నవంబరు 7, ఉదయం 10:05

ఏటికొప్పాక బొమ్మలకి నేను ఓటేస్తా. అంకుడు కర్ర, మెత్తగా ఉంటుంది, తరిణి (చెక్కని తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టేటప్పుడు తిరుగుతున్న చెక్కకి లక్క అద్దుతారు, ఆ వేడికే కరిగి పట్టేస్తుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజలు, ఇలాంటివాటితో రంగులు. 2017లో జీఐ (ఫలానా ఊరి సరుకు అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. కానీ రోడ్డుపక్క అదే పేరుతో అమ్మేవన్నీ అవి కావు, గోరుతో గీకితే పెయింటు పెచ్చు లేస్తే పాప నోటికి ఇవ్వకండి.

కొండపల్లి బొమ్మలు మాత్రం నోట్లో పెట్టే వయసు దాటేదాకా అల్మారాలోనే. తెల్ల పొణికి చెక్క, అతుకులకి చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కు, పైన రంగులు. మావాడు ఏనుగు అంబారీని బకెట్లో వేసి స్నానం చేయించాడు. అంబారీ వేరు, ఏనుగు వేరు, రాజుగారు ఇంకా దొరకలేదు.

మోడరేటర్ · నవంబరు 7, ఉదయం 10:30

బొమ్మలకి వేరే చర్చ ఉంది, అక్కడ కూడా రాయండి. (రాజుగారు దొరికితే ఇక్కడే చెప్పండి.)

ఇద్దరి_అమ్మ · నవంబరు 23, రాత్రి 11:40

అటక మీంచి దించా. మూడు సూదుల డబ్బా పెట్టా. అసలు విషయం, మా అమ్మ వచ్చింది, పది రోజులుండి ఇవాళే వెళ్లింది.

రాగానే బొంత చూపించా, కత్తెర పెట్టలేదని గర్వంగా. అమ్మ ఏమీ అనలేదు. కింద కూర్చుని కొంగు మీద చేత్తో రాసింది, ఒకచోట ఆగింది. అక్కడ ఇంత చిన్న రఫూ, గంధం రంగు దారంతోనే, నేను ఇన్ని రోజులు కుడుతూ చూడలేదు. "కుంపటి నిప్పురవ్వ పడింది, నేను పదో క్లాసు, ఆ రోజు అరిసెలు వండుతోంది" అంది. అంతే, ఇంకేం అనలేదు, లేచి వెళ్లి టీ పెట్టుకుంది. సాయంత్రం చూస్తే నా వంకర వరుస పక్కనే రెండు వరుసలు కుట్టేసి ఉంది, స్కేలు పెట్టి గీసినట్టు. నా వరుసలు, అమ్మ వరుసలు పక్కపక్కన, ఎవరివేవో అడగక్కర్లేదు.

తర్వాత మిగతా తొమ్మిది చీరలు తీసి చూపించా. ఒక్కోదానికీ ఒక్కో కథ చెప్పింది, ఇది మామయ్య పెళ్లికి పెట్టారు, ఇది తిరపతిలో కొంది, ఇది కట్టుకుంటే తాతయ్య "మిఠాయి పొట్లంలా ఉన్నావు" అనేవాడు. ఆకుపచ్చది ఒకటి ఉంది, నేను అన్నిటికంటే ప్రేమగా విడిగా పెట్టుకున్నా, ముఖానికి ఆనించుకుని వాసన కూడా చూసేదాన్ని. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది మా అమ్మది కాదే. స్టీలు సామానువాడికి వేద్దామని పక్కింటావిడ ఇచ్చింది, రెండు చీరలైతే కానీ గిన్నె ఇయ్యనన్నాడు" అంది.

నెలన్నర పక్కింటావిడ చీరకి కన్నీళ్లు పెట్టుకున్నా నేను.

రాజమండ్రి_మామ్మ · నవంబరు 24, ఉదయం 6:30

ఆవిడకి తెలిస్తే ఆ గిన్నె నీకే ఇచ్చేస్తుంది.

రఫూ మీద కొత్త కుట్టు పోనీకు. దాని చుట్టూ తిప్పుకుని వెళ్లు.

నిద్రలేని_తల్లి · నవంబరు 24, ఉదయం 11:20

ఒకటి అడగనా, తప్పుగా అనుకోకండి. పోయినవాళ్ల బట్టలు పసిపిల్లలకి వాడొచ్చా? మా అత్తగారు అస్సలు ఒప్పుకోరు. మా మావయ్యగారి పంచెలు అన్నీ దానం చేసేశారు, ఒక్కటీ ఉంచలేదు.

రాజమండ్రి_మామ్మ · నవంబరు 24, మధ్యాహ్నం 12:45

ఇంటికో ఆచారం అమ్మా. మా వైపు పురిటిబిడ్డకి మొదట కొత్తబట్ట వెయ్యరు, పెద్దవాళ్లు కట్టి వదిలేసిన మెత్తటి బట్టలోనే చుడతారు, వాళ్ల ఆయుష్షు వస్తుందని. ఆ పెద్దవాళ్లు ఉన్నారా పోయారా అని మేం చూడలేదు. మీ అత్తగారి మనసు ఒప్పుకోకపోతే మాత్రం వాదించకు, నీ పాత చీర లేదా, అది వెయ్. ఒక బొంత కోసం ఇంట్లో మాటా మాటా అనుకోవడం దేనికి.

కుట్టుమిషన్_అనంతపురం · నవంబరు 24, మధ్యాహ్నం 2:00

నా దగ్గరకి అలాంటివి చాలా వస్తాయి. తండ్రి లుంగీలు, చొక్కాలు తెచ్చి దిండుగలేబులు కుట్టమంటారు. జేబు మాత్రం విప్పొద్దంటారు కొందరు, అలాగే ఉంచి కుడతా.

ఇద్దరి_అమ్మ · డిసెంబరు 14, రాత్రి 9:50

అయింది! అన్నప్రాసన నిన్న అయింది, బొంత అంతకు ముందురోజు రాత్రి ఒంటిగంటకి అయింది. 34 వరుసలు, లెక్కల_నాన్నగారూ, మీరన్న 30 కాదు. అందులో మూడు మావాడివి. చివరికి వాడికి నిజం సూదే ఇచ్చా, నా వేళ్ల మధ్య వాడి వేళ్లు పెట్టుకుని, నీలం దారం వాడే ఎంచుకున్నాడు. ఒక్కో కుట్టు నా అరచేతంత. ఒకచోట బొంతని వాడి నిక్కరుతో కలిపి కుట్టేశాం, లేచేదాకా తెలీలేదు. మూలల్లో ఫూలా కూడా పెట్టా, పక్కింటావిడ ఆకుపచ్చ చీర ముక్కలతో. దానికి కత్తెర పెట్టొచ్చని అమ్మ పర్మిషన్ ఇచ్చింది.

అన్నప్రాసనలో పాప పుస్తకం చూడలేదు, బంగారం చూడలేదు. కూర్చోబెట్టిన చోటే బొంత మూల పట్టుకుని ఆకుపచ్చ పువ్వు నోట్లో పెట్టుకుంది. బట్టల వ్యాపారం అని మా మామయ్య, టైలర్ అని మా ఆడపడుచు, ఆకలేస్తోందని మా అత్తయ్యగారు. పాయసం పెట్టగానే తేలిపోయింది, అత్తయ్యగారే కరెక్టు.

ఇప్పుడు సహాయం కావాలి. పాయసం, ఇంకోటీ (ఏంటో చెప్పక్కర్లేదు) పడి బొంత తడిపా. ఎర్ర అంచు రంగు దిగింది. గంధం రంగు మీద గులాబీ మచ్చలు. మీరు ముందే చెప్పారు, నేను అమ్మమ్మ ఎన్నిసార్లు ఉతికి ఉంటుందో కదా అని రుద్ది చూడలేదు. ఇంకా తడిగానే బకెట్లో ఉంది.

కుట్టుమిషన్_అనంతపురం · డిసెంబరు 14, రాత్రి 10:04

ఆరేయకు!! ఆరిందంటే మచ్చ ఉండిపోతుంది. చన్నీళ్లు, ధారాళంగా, మార్చి మార్చి, నీళ్లు తేటపడేదాకా. వేడినీళ్లు వద్దు, బ్లీచింగ్ వద్దు. పిండకుండా నీళ్లోడ్చి, మడత పెట్టకుండా పరిచి ఆరెయ్. పొర మీద పొర పడితే అంచు రంగు మళ్లీ అంటుకుంటుంది.

ఇద్దరి_అమ్మ · డిసెంబరు 15, మధ్యాహ్నం 3:15

పదకొండు బకెట్లు. మా ఆయన మోశారు. చాలావరకు పోయింది, రఫూ దగ్గర మాత్రం కొంచెం గులాబీ ఉండిపోయింది. సరేలే అనుకుని డాబా మీద ఆరేశా.

మావాడు వచ్చి చూసి, "ఇది చెల్లిది. నాదేది?" అన్నాడు.

రాజమండ్రి_మామ్మ · డిసెంబరు 15, సాయంత్రం 4:00

అడగడా మరి! వాడు పెరిగే పిల్లాడు, ఒక చీర చాలదు, ఎనిమిదున్నాయిగా ఇంకా. కొలత చెప్పు.

ఇద్దరి_అమ్మ · డిసెంబరు 15, సాయంత్రం 4:40

నేలమీద పడుకోబెట్టి టేపు పెట్టా మామ్మగారూ. మూడడుగుల మూడంగుళాలు, చెప్పులతో. చెప్పులు విప్పనన్నాడు.